క్లౌ దొర తవ్వించిన మూడున్నర మైళ్లు

స్వర్ణోత్సవాల ఖర్చులన్నీ పోను మన సంఘం ఖాతాలో కొంత డబ్బు మిగులుతుందని కోశాధికారి లెక్క చెప్పిన రోజు నేనూ ఆ సమావేశంలో ఉన్నాను. ఆ మిగులును మన బడిలో ఇప్పుడు చదువుతున్న పేద పిల్లల కోసం వాడాలన్న దాంట్లో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. ఎలా ఇవ్వాలన్న దగ్గరే చర్చ నడిచింది. పిల్లల్ని వేదిక మీదికి పిలిచి చెక్కులు అందిద్దాం, ఫొటోలు తీయిద్దాం అని ఒకరన్నారు. సాయం తీసుకున్నవాళ్లు ఏటా మన కార్యక్రమాలకు వచ్చి పనిచేయాలని షరతు పెడదామని ఇంకొకరన్నారు. దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించి ప్రహరీ గోడకు పెట్టాలన్న సూచన కూడా వచ్చింది. ఎవరి మనసులోనూ చెడు లేదు. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజు నోరు విప్పలేదు. రెండు నిమిషాల్లో తేలే మాట కాదనిపించింది. తర్వాత సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, ఆ రోజు చెప్పలేకపోయింది ఒక మనిషి జీవితం ద్వారా చెబుదామని ఒప్పుకున్నాను.

ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు ప్రాంతంలో ఇప్పటికీ పెద్దవాళ్లు క్లౌ దొర అంటారు. ఆయన పోయి నూట పదేళ్లు దాటింది.

బాలానగర్‌లో చదువుకున్నవాడికి ఒంగోలు దొర ఎక్కడ తగిలాడని మీరు అడగొచ్చు. మనలో చాలామంది లాగే మాదీ పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబం. ఇక్కడ ఫ్యాక్టరీలు వెలసిన రోజుల్లో మా నాన్న ఒంగోలు పక్క పల్లె నుంచి బాలానగర్ వచ్చి ఒక కర్మాగారంలో హెల్పరుగా చేరాడు. మేం మాదిగలం, క్రైస్తవులం. వేసవి సెలవులకు ఊరెళ్తే మా నాయనమ్మ ధాత కరువు కథలు చెప్పేది. 1876లో వచ్చిన తెలుగు సంవత్సరం పేరు ధాత. ఆ పేరే కరువుకు స్థిరపడింది. తన ముత్తవ్వ బకింగ్‌హాం కాలువలో మట్టి తట్టలు మోసిందనీ, ఆ కూలి వల్లే మా వంశం మిగిలిందనీ ఆమె చెప్పేది. చిన్నప్పుడు అది నాకు కథే. సివిల్ ఇంజనీరునై, మట్టిపని లెక్కలు కట్టడం మొదలుపెట్టాకే అందులో ఎంత నిజం, ఎంత బరువు ఉందో అర్థమైంది.

క్లౌ 1836 జులై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టారు. వాళ్లది రైతు కుటుంబం. మెరుగైన భూములు వెతుక్కుంటూ పడమటికి వలస వెళ్లి చివరకు అయోవాలో స్థిరపడింది. క్లౌ ఇరవై ఏళ్లయినా నిండకముందే ప్రభుత్వ సర్వే బృందంలో చేరి మిన్నెసోటా అడవుల్లో, చిత్తడి నేలల్లో గొలుసు పట్టి భూమి కొలిచారు. సర్వే పని తెలిసినవాళ్లకు దాని విలువ తెలుసు. ఎండావానా లెక్క చేయకుండా నడవాలి, గుంపును నడిపించాలి, సాయంత్రానికి పుస్తకంలో రాసిన అంకె నేల మీది కొలతతో సరిపోవాలి. ఈ శిక్షణ తనకు ఎక్కడ పనికొస్తుందో అప్పుడు ఆయనకు తెలియదు. న్యాయవాది కావాలన్నది ఆయన కోరిక. కాలేజీ చదువుల్లో ఉండగా బాప్టిస్టు సంఘంలో చేరారు, ఆ తర్వాత దారి మారిపోయింది. భార్య హారియట్‌తో కలిసి 1864 నవంబరు చివర్లో బోస్టన్‌లో ఓడెక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. మొదట నెల్లూరులో ఉండి తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలు చేరారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది.

ఒంగోలులో ఆయనకు ఎదురైన మొదటి పరీక్ష డబ్బుదే. మిషన్ బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్నారు. వాళ్ల పెద్దలు ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు, బడికి అండగా నిలబడగల కలిగినవాళ్లు. అదే సమయంలో ఒంగోలుకు పడమరగా తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వచ్చారు. ఆయన తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు దాకా తిరిగిన మనిషి, అంతకుముందే యోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది ఆత్మజ్ఞానం కోసం వెతికినవాడు. క్రీస్తు గురించి విని, తన చుట్టాలకూ తోటివాళ్లకూ చెప్పి, వాళ్లను సిద్ధం చేసి మరీ దొరను పిలిపించారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంగతి తెలిసి ఒంగోలు పెద్దలు తమ మాట తేల్చి చెప్పారు. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లలు బడికి రారన్నారు.

ఇక్కడ ఏ సంస్థ అయినా తడబడుతుంది. ముందు పైవాళ్లను నిలబెట్టుకుంటే వాళ్ల ధనంతో, పలుకుబడితో తర్వాత కిందివాళ్లకు మేలు చేయొచ్చన్న తర్కం మనకూ తెలిసిందే. క్లౌ, హారియట్ ఎవరి గదిలో వాళ్లు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం. లోకం గొప్పవాళ్లనుకునేవారిని కాక బలహీనుల్నీ తృణీకరించబడినవారినీ దేవుడు ఎంచుకున్నాడన్న భావం ఉన్న భాగం అది. దాన్ని దైవనిర్ణయంగా తీసుకున్నారు. అగ్రవర్ణాల పిల్లలు వెళ్లిపోయారు. మాదిగ పిల్లలు మిగిలారు.

చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండి, ఆదివారం పని మానండి, విగ్రహాలకు మొక్కడం మానండి అని క్లౌ తన సంఘస్థులకు మూడు నియమాలు పెట్టారు. వినడానికి చిన్నవే. కానీ ఊరి కట్టుబాటులో మాదిగ చేయాల్సిన వెట్టికీ, డప్పుకూ అవి నేరుగా తగిలాయి. ఊళ్లు ఎదురుతిరిగాయి. కొన్నిచోట్ల నీళ్లకూ దారులకూ అడ్డం పడ్డారు. సంఘం మాత్రం పెరుగుతూనే పోయింది. 1872లో క్లౌ సెలవు మీద అమెరికా వెళ్లి, రామాయపట్నంలో తెలుగు బోధకుల్ని తయారుచేసే పాఠశాల కోసం 50 వేల డాలర్లు కూడగట్టారు. అక్కడి సంఘాల్లో రైతులు, వర్తకులు, వితంతువులు తమ ఖర్చులు పోను మిగిలిన దాంట్లోంచి ఇచ్చిన డబ్బు అది. మిగులును లేనివాళ్లతో పంచుకోవడం క్రైస్తవుల్లో మొదటినుంచీ ఉన్నదే. తొలి విశ్వాసులు ఆస్తులు అమ్మి, ఎవరి అవసరం కొద్దీ వాళ్లకు పంచుకున్నారని అపొస్తలుల కార్యాల గ్రంథం చెబుతుంది. ఇవ్వమని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎలా ఇవ్వాలో ధాత కరువు క్లౌకు నేర్పింది.

1876లో వానలు ముఖం చాటేశాయి. 1877 నాటికి మద్రాసు రాజధానిలో పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆ రెండు మూడేళ్లలో దక్షిణాదిన 50 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. ప్రభుత్వం సహాయ పనులు తెరిచింది. అయితే 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన ఒక అణా చాలని నిర్ణయించారు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా కాదు. మట్టి తవ్వే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ అభ్యంతరం చెప్పారు.

ఆ పనుల్లో పెద్దది బకింగ్‌హాం కాలువ. ఉత్తరాన కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువను దక్షిణాన మద్రాసు వైపు కాలువతో కలపాలన్నది పథకం. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. పని ఉందని విని మాదిగలూ వెళ్లారు. కానీ అక్కడ మేస్త్రీలు, పైవాళ్లు ఊళ్లోని కులాన్నే కాలువ గట్టుకూ తెచ్చారు. వీళ్లకు కష్టమైన చోట పని ఇవ్వడం, కూలి కొట్టేయడం, తిట్టడం. ఆకలితో వచ్చినవాడు తిరగబడలేడని వాళ్లకు తెలుసు.

క్లౌ ఏం చేశారన్నది ఇంజనీరుగా నన్ను ఎక్కువ ఆకట్టుకున్న భాగం. వాళ్లకు ఇంకాస్త మేలు చేయండని అర్జీ పెట్టి ఊరుకోలేదు. కాలువలో మూడున్నర మైళ్ల పనిని తన పేర కాంట్రాక్టు తీసుకున్నారు. మిన్నెసోటాలో గొలుసు పట్టిన చెయ్యి కదా, నక్షా చదవగలరు, మట్టి లెక్క కట్టగలరు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, సుమారు వంద మందికి ఒకరి చొప్పున బాధ్యత అప్పగించారు. జనం ఉండటానికి గుడిసెలు వేయించారు, నీళ్లకు ఏర్పాటు చేశారు. వచ్చినవాళ్లలో కొందరు పార ఎత్తే స్థితిలో కూడా లేరు. వాళ్లకు ముందు తిండి, తర్వాతే పని. కలరా వచ్చి గుడిసెల్లో జనం చనిపోతున్నా క్లౌ శిబిరం వదిలి వెళ్లలేదు.

మట్టిపని అంటే ఏమిటో ఎరగనివాళ్ల కోసం ఒక మాట. గుంట ఎంత తవ్వారో కొలవడానికి మధ్యలో అక్కడక్కడ మట్టి దిమ్మలు తవ్వకుండా వదిలేస్తారు. పొడవు, వెడల్పు, లోతు కొలిచి పుస్తకంలో ఎక్కిస్తారు. మట్టి ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు ఎక్కించారు అన్నదానికి వేరే లెక్క. ఈ కొలతల దగ్గరే కూలీ మోసపోతాడు. కొలత పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం. హైటెక్ సిటీలో టవర్లు లేస్తున్న రోజుల్లో నేను మాదాపూర్ సైట్ల మీద పనిచేశాను. బేస్‌మెంటు తవ్వకాలకు పాలమూరు నుంచి, ఒడిశా నుంచి జనం వచ్చేవారు. సాయంత్రం ఒక మేస్త్రీ అంకె తగ్గించి రాయిస్తుంటే, తట్ట పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు నాకు బాగా గుర్తున్నాయి. అలాంటి అంకెలు నేను కొన్నిసార్లు సరిదిద్దాను, కొన్నిసార్లు తల తిప్పుకుని వెళ్లిపోయాను. అందుకే క్లౌ కథలో నాకు ముందు కనిపించేది ఆ కొలత పుస్తకమే. ఆయన ఆ మూడున్నర మైళ్ల మీద కొలతనూ, కూలి పంపకాన్నీ నమ్మకమైన చేతుల్లో పెట్టారు. మా నాయనమ్మ ముత్తవ్వ తీసుకున్నది దానం కాదు, తన మట్టికి తన కూలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కరువులో చేయూతనిచ్చిన ఫాదిరీ దగ్గరికి జనం గుంపులుగా వచ్చి బాప్తిస్మం అడగడం సహజం. సంఖ్యలు పంపితే అమెరికాలో సంతోషించేవాళ్లు, విరాళాలు పెరిగేవి. క్లౌ మాత్రం తలుపు మూసేశారు. కరువు సాయం నడిచినంత కాలం, దాదాపు 15 నెలల పాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండికోసం మతంలోకి వచ్చేవాణ్ని వద్దనుకోవడం ఒక్కటే ఇందులో కారణమని నేననుకోను. ఆకలితో ఉన్నవాడు అవునన్నా కాదన్నా అది అతని సొంత మాట కాదు. ఆ స్థితిలో ఒకరి సమ్మతి తీసుకోవడం, వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకోవడం లాంటిదే. ఇచ్చే చెయ్యి అదే సమయంలో తీసుకోకూడదు.

కాలువ పని ముగిసింది, సహాయం నిలిచిపోయింది. ఇక మిషన్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని ఊళ్లన్నిటికీ కబురు వెళ్లింది. అప్పుడు కూడా జనం వచ్చారు. ఒంగోలుకు పది మైళ్ల ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. క్లౌ తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది మొత్తం మీద సంఖ్య 9,600 దాటింది.

దీని మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. ఇతర మిషనరీల్లోనే కొందరు ఇది బియ్యం క్రైస్తవం అన్నారు. ఈ సంచిక చదివేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు, వాళ్లకూ ఆ ప్రశ్న రావడం న్యాయమే. నేను దాటవేయను. కాలువ గట్టున మధ్యాహ్నం విశ్రాంతి వేళ బోధకులు కూలీలతో క్రీస్తు గురించి మాట్లాడారు. తిండి పెట్టిన చేతిని మనిషి పదిహేను నెలల్లో మరిచిపోడు. కృతజ్ఞతనూ విశ్వాసాన్నీ త్రాసులో విడివిడిగా తూచగల మనిషి ఎవరూ లేరు. క్లౌ చేయగలిగింది ఒక్కటే, తన చేతిలో ఉన్న మేరకు రెంటి మధ్యా కాలం అనే ఎడం పెట్టడం. అది చేశారు. ఇంకో మాట కూడా చెప్పాలి. మా వాళ్లను తిండికి అమ్ముడుపోయినవాళ్లు అన్నప్పుడల్లా, వాళ్లకూ ఆలోచన ఉంటుందన్న సంగతి మరుగున పడుతుంది. ఈ కథ మొదలైంది కరువుకు పదేళ్ల ముందు పేరయ్య లాంటివాళ్లు తమంతట తాము వెతుక్కుంటూ రావడంతో. చెరువు దగ్గర నీళ్లకు దూరంగా నిలబడాల్సిన మనిషి, తనను మనిషిగా లెక్కించిన చోటికి నడిచి వెళ్లాడంటే అందులో ఆశ్చర్యమేముంది?

ఆ తర్వాత క్లౌ మరో మూడు దశాబ్దాలు ఈ పనిలోనే గడిపారు. ఒంగోలులో బడి కాలేజీ స్థాయికి ఎదిగింది, పల్లెల్లో చిన్న బడులు లేచాయి. 1893లో హారియట్ చనిపోయారు. మరుసటి ఏడాది ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లాడారు. ఆమె మాదిగల జీవితాన్ని, కథల్ని శ్రద్ధగా విని రాసుకున్న మనిషి, క్లౌ ఆత్మకథకు రూపమిచ్చిందీ ఆమే. చివరి ఏళ్లలో ఒక ప్రమాదం వల్ల ఆయనకు నడక కష్టమైంది. 1910 నవంబరు 24న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలిసింది. నాకైతే ఆ మూడున్నర మైళ్ల కాలువే ఆయన గుర్తు. దాని మీద ఆయన పేరు లేదు.

ఇప్పుడు మన బడికి వస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్నకు ఆరు నెలలు పని పోయింది. అంతకు ముందు ఏడాది ఒక సంస్థవాళ్లు మా బస్తీకి వచ్చి పుస్తకాలు, బట్టలు పంచారు. వరసలో నిలబెట్టి, నవ్వమని చెప్పి ఫొటో తీశారు. బట్టలు మంచివే. కానీ ఆ చొక్కా వేసుకున్నప్పుడల్లా నేను నవ్విన నవ్వు గుర్తొచ్చేది. ఫీజు కట్టలేక బడి మానేద్దామనుకున్నప్పుడు లెక్కల సార్ పిలిచి, సైన్సు ల్యాబు స్టాక్ రిజిస్టరు తప్పుల తడకగా ఉంది, సాయంత్రాలు కూర్చుని తిరగరాస్తే నెలకింత ఇస్తారని చెప్పారు. రాశాను. ప్రతి పరీక్షనాళికా లెక్కబెట్టాను. నెలాఖరున సంతకం పెట్టించుకుని డబ్బు ఇచ్చేవారు. నా ఫీజు నేనే కట్టుకున్నానన్న ధీమాతో పదో తరగతి దాటాను. ఆ డబ్బు ఆయన జీతంలోంచి వచ్చిందని ఆయన పోయాక, దినాల రోజున తోటి టీచరు ఒకరు చెబితే తెలిసింది. ఆయన క్లౌ దొర పేరు విని ఉంటారని నేననుకోను. ఆయన క్రైస్తవుడు కూడా కాదు.

కాబట్టి కమిటీ పెద్దలకు నా మనవి ఇది. మిగులు డబ్బును పిల్లలకు తప్పకుండా ఇద్దాం. వేదిక వద్దు, ఫొటో వద్దు, పాలరాయి వద్దు. ఏ పిల్లకు అవసరమో తరగతి టీచర్లకు తెలుసు. పేరు వాళ్ల దగ్గరే ఉండనిద్దాం, ఫీజు నేరుగా ఆఫీసులో జమ చేద్దాం. పెద్ద క్లాసుల పిల్లలు కావాలనుకుంటే లైబ్రరీలో, ల్యాబులో నిజంగా అవసరమైన చిన్న పని ఇచ్చి, దానికి సరైన కూలి కడదాం. ఆ పని చదువుకు అడ్డం రాకూడదు, వద్దన్నవాళ్లకు సాయం ఆగకూడదు. మన కార్యక్రమాలకు రావాలన్న షరతు ఒద్దు. పదేళ్ల తర్వాత తమ కాళ్ల మీద తాము నిలబడ్డాక, వాళ్లంతట వాళ్లు మన సంఘంలోకి వస్తే సంతోషం. రాకపోతే మనం ఇచ్చిన దానికి లోటేమీ లేదు.

వచ్చే సమావేశంలో ఈ మాటే చెబుతాను. ఈసారి రెండు నిమిషాలు చాలు.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థి,
1985 పదో తరగతి బ్యాచ్, బాలానగర్